రెండో కెమెరా విన్న మాట

నాందేడ్‌లో నేను కెమెరాలు బిగించిన ఇళ్ళు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్క ఇంటికి మాత్రం దారి అడగకుండా పోయాను. దుకాణం యజమాని రాసిచ్చిన చిరునామా సగం చదివేసరికే అది ఎవరి ఇల్లో తెలిసిపోయింది.

“పెద్ద పని. కొత్త రకం కెమెరాలు కావాలంట. రికార్డరు గూడ నెట్‌వర్క్ మీద నడిచేదే కావాలంట. ఇంకెవల్నన్న పంపాల్నా, నువ్వే పోతవా?” అని అడిగాడాయన.

నేనే పోతానన్నాను. అప్పటికి మా ఊళ్ళో ఆ రకం రికార్డరు కలపడం తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు. వాళ్ళలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. కానీ నేను ఒప్పుకున్నది ఆ గొప్ప కోసం కాదు. ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కే రోజు కోసం పదమూడేళ్ళుగా కాచుకుని ఉన్నాను. తొక్కి ఏం చేస్తానన్నది మాత్రం ఎన్నడూ తేల్చుకోలేదు.

మాది బిలోలి దగ్గర, తెలుగు మాట్లాడే పల్లె. నాన్న పోయాక, తొంభైల మొదట్లో, అమ్మ నన్ను వెంటబెట్టుకుని నాందేడ్ వచ్చి పాత ఊళ్ళో ఒక గల్లీలో ఒంటిగది అద్దెకు తీసుకుంది. అప్పట్లో అమ్మకు మరాఠీ సరిగా రాదు. అందుకని తెలుగు మాట్లాడే ఇల్లు చూసుకుని వంటపనికి కుదిరింది. ఆ ఇంటాయన మోండా మార్కెట్‌లో పత్తి, పసుపు కమీషన్ మీద అమ్మిపెట్టే ఆడత్ వ్యాపారి. అందరూ ఆయన్ని సేటు అనీ, ఆయన భార్యను సేటమ్మ అనీ పిలిచేవాళ్ళు. అమ్మ అక్కడ రెండేళ్ళు వండిపెట్టింది. “నీ చేతి పప్పు లేకుంటే మాకు ముద్ద దిగది” అని సేటమ్మ అనడం నేను చాలాసార్లు విన్నాను. బడి లేని రోజుల్లో వాళ్ళ వెనక వరండాలోనే కూర్చుని చదువుకునేదాన్ని.

ఒక ఎండాకాలం సేటమ్మ గుండ్ల హారం కనిపించకుండా పోయింది. ఏదో పెళ్ళికి పెట్టుకుని వచ్చి ఎక్కడో తీసి పెట్టింది. పొద్దున చూస్తే లేదు. ఇంటినిండా చుట్టాలున్నారు. అయినా ఆమె చూపు ఎవరి మీదా ఆగకుండా నేరుగా వంటింట్లోకి పోయింది. అమ్మను ముందు వాకిట్లోకి పిలిచి కొంగు దులపమంది. కొప్పు విప్పమంది. తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు అమ్మను గోడ మూలకు తీసుకుపోయి రవికలో కూడా వెతికారు. ఏమీ దొరకలేదు. అప్పుడు నా బడి సంచి తెచ్చి బోర్లించారు. పుస్తకాలు, కంపాసు డబ్బా, సగం కొరికిన మామిడికాయ మట్టిలో పడ్డాయి. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

“ఒప్పుకునేదాక ఈడనే నిలబడు,” అని అమ్మను చెప్పుల్లేకుండా షాబాదు బండల మీద నిలబెట్టారు. ఎండ నడినెత్తికి వచ్చింది. అమ్మ ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ, “నేను తియ్యలే సేటమ్మా, నా బిడ్డ మీద ఒట్టు,” అంటూనే ఉంది. గేటు బయట జనం గుమిగూడారు. సేటు మోండా నుంచి వచ్చి, “పోలీసులకు ఇస్తలేం. అదే మా మంచితనం అనుకో,” అన్నాడు.

అంతటితో వదల్లేదు. సేటమ్మ ఇద్దరు చుట్టాలను వెంటేసుకుని మా గల్లీకి వచ్చింది. మా గదిలో జొన్నపిండి డబ్బా దగ్గర నుంచి పరుపు దాకా విప్పి చూసింది. పోతూ పోతూ ఒక్కో గుమ్మం ముందు ఆగి చెప్పింది: “ఇది దొంగది. మీ ఇండ్లల్లకు రానియ్యకున్రి.”

ఆ తర్వాత అమ్మకు ఏ ఇంట్లోనూ వంటపని దొరకలేదు. గోదాముల్లో పసుపు కొమ్ములు ఏరే పనికి కుదిరింది. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుంది. బడిలో ఎవరి పెన్ను పోయినా మొదట నా సంచే విప్పేవాళ్ళు. కొన్నాళ్ళకు, అడగకముందే నేనే విప్పి చూపించడం అలవాటు చేసుకున్నాను. బడికి నడిచిపోతూ సేటమ్మను మనసులోనే రోజూ బండల మీద నిలబెట్టేదాన్ని. ఒక్కోరోజు ఒక్కో రకంగా. పెద్దయ్యాక కంప్యూటర్ హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ కోర్సు చేసి, నాందేడ్‌లోనే వజీరాబాద్ బజారులో ఒక దుకాణంలో పనికి చేరాను. ఊహలు మారాయి కానీ ఆ బండలు మాత్రం మారలేదు.

ఆ ఇంట్లో పని నాలుగు రోజులు పట్టింది. గోడలకు రంధ్రాలు కొట్టి తీగలు లాగడానికి మా దుకాణం ఎలక్ట్రీషియన్ వచ్చాడు. వయసు మళ్ళిన మనిషి, నేను చాచా అని పిలిచేదాన్ని. తలుపు తీసింది సేటమ్మే. జుట్టుకు రంగు వేసింది, కొంచెం లావెక్కింది. నన్ను పైనుంచి కిందికి చూసి, “ఆడపిల్లవు, నీకు వస్తదా గీ పని?” అంది. వస్తుందన్నాను. “ఏ ఊరు మీది?” అని అడిగితే నాయ్‌గావ్ అని అబద్ధం చెప్పాను. ఆమె గుర్తుపట్టలేదు. గుర్తుపట్టేంతగా నన్ను ఆమె ఎన్నడు చూసింది?

కెమెరాలు నాలుగు. మొదటిది గేటుకు, రెండోది హాల్లో, మూడోది మెట్ల దగ్గర, నాలుగోది వెనక వాకిట్లో. హాల్లోది మైకు ఉన్న కెమెరా. సేటు అడిగి మరీ తెప్పించుకున్నాడు.

“పనోళ్ళు మనం లేనప్పుడు ఏమేం మాట్లాడుకుంటరో వినాలె,” అన్నాడు నవ్వుతూ.

“దాన్ని వంటింటి తలుపు దిక్కు తిప్పు,” అంది సేటమ్మ. “పనామె వచ్చుడు పోవుడు కనబడాలె.”

తిప్పుతుంటే నిచ్చెన ఊగింది. చాచా కింద నుంచి, “బేటీ, సంభాల్‌కే!” అని నిచ్చెన గట్టిగా పట్టుకున్నాడు.

మొదటిరోజు తీగలతోనే పోయింది. రెండోరోజు ఒక్కో తీగ చివర ఎనిమిది పోగులు విప్పి, రంగుల వరుసలో పేర్చి, ప్లగ్గు బిగించి నొక్కాను. మెట్ల కింది చిన్న గదిలో కెమెరా తీగలన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ పెట్టె, రికార్డరు, చిన్న తెర అమర్చాను. అన్నీ కలిపి కరెంటు ఇస్తే తెర మీద ఒక్కటే బొమ్మ. కాసేపు గేటు కనిపిస్తే కాసేపు మెట్లు. కారణం తెలుసుకోవడానికి సగం పూట పట్టింది. కొత్త కెమెరాలన్నీ కంపెనీ నుంచి ఒకే నెట్‌వర్క్ అడ్రసుతో వస్తాయి. ఒకే ఇంటి నంబరు నలుగురికి ఉంటే ఉత్తరం ఎవరికి చేరుతుంది? నాలుగూ విప్పేసి, ఒక్కొక్కదాన్నే నా ల్యాప్‌టాప్‌కు కలిపి, వేరువేరు అడ్రసులు ఇచ్చి, అవి రికార్డరులో నమోదు చేశాను. మధ్యలో లోడ్‌షెడ్డింగ్. ఆ ఏళ్ళలో మా ఊళ్ళో రోజూ గంటల తరబడి కరెంటు ఉండేది కాదు. ఇన్వర్టరు మీద మళ్ళీ మొదటి నుంచి.

మూడోరోజు మధ్యాహ్నానికి నాలుగు గళ్ళలో నాలుగు బొమ్మలు నిలిచాయి. రికార్డింగ్ మొదలుపెట్టాను. మైకు పనిచేస్తోందో లేదో చూద్దామని చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని రెండో కెమెరా తెరిచాను.

హాల్లో సేటమ్మ, నిజామాబాద్ నుంచి వచ్చిన ఆమె చెల్లెలు కూర్చుని ఉన్నారు. ఆదివారం ఇంట్లో సత్యనారాయణ వ్రతం ఉంది. ఏ నగ పెట్టుకోవాలో చూసుకోవడానికి పెట్టె ముందేసుకున్నారు. చెల్లెలు ఒకదాన్ని పైకెత్తి పట్టుకుంది. నాకు బొమ్మ చిన్నగా కనిపిస్తోంది కానీ మాట మాత్రం చెవిలో చెప్పినట్టు వినిపిస్తోంది.

“అక్కా, గిది గా గుండ్ల హారం గాదా? పోయింది అంటివి గదనే?”

“ఏడ పోయిందే? గా యేడు దీపావళికి సున్నాలు ఏయిస్తుంటే బీరువ ఎన్కల దొరికింది. నేనే గా మూలకు పడేసుకున్న గావచ్చు.”

“మరి గా వంటామెను ఎండల నిలబెడితిరి గద. చెప్పిన్రా ఆమెకు?”

“ఎందుకు చెప్పాలె? చెప్తే మా ఇజ్జత్ ఏమైతది? దొంగ దొంగనే అని ఊకున్నం.” సేటమ్మ నవ్వింది. “ఒక్క కాలు మీద కొంగ లెక్క నిలబడె చూడు...”

చెల్లెలు కూడా నవ్వింది.

హెడ్‌ఫోన్ తీయలేదు. వాళ్ళు మాటలు మార్చి చీరల గురించి మొదలుపెట్టినా అట్లాగే కూర్చుండిపోయాను. మే నెలలో అమ్మను నిలబెట్టారు. దీపావళికి హారం దొరికింది. అంటే ఆరు నెలలు కూడా కాలేదు. మిగతా పన్నెండేళ్ళ పైచిలుకు అమ్మ పసుపు దుమ్ములో దగ్గుతూ బతికింది, వీళ్ళు నవ్వుకుంటూ బతికారు.

ఆ గదిలో నాకు వచ్చిన మొదటి ఆలోచన మంచిది కాదు. దాన్ని దాచను. ఆ ఇంటి నాలుగు కళ్ళూ నా చేతిలో ఉన్నాయి. పాస్‌వర్డు పెట్టింది నేనే. వెనక వాకిలి కెమెరా ఏ వేళ మూసుకోవాలో నేను చెబితే అది మూసుకుంటుంది. వాళ్ళు ఎప్పుడు బయటికి పోతారో తెలుసు, బీరువా ఎక్కడుందో తెలుసు. నిజంగా దొంగతనం అంటే ఏమిటో ఒకసారి చూపించాలనిపించింది. అంతలో మూడో గడిలో ఒక మనిషి కనిపించింది. ఇప్పుడు ఆ ఇంట్లో పనిచేసే ఆమె మెట్లు తుడుస్తూ ఒక్కో మెట్టూ దిగుతోంది. ఈ ఇంట్లో ఏది పోయినా మొదట బండల మీద నిలబడేది ఆమే. ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది.

కోపం మాత్రం ఆగలేదు. ఆ కాసేపటి రికార్డింగ్ చెరిగిపోకుండా తాళం వేశాను. ఒక ముక్క పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, రవికలో దోపుకుని బయటికి వచ్చాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఎవరింట్లో పని చేస్తున్నానో అప్పటిదాకా చెప్పలేదు. ఆరోజు అంతా చెప్పాను. అమ్మ చేట కదపడం ఆపింది.

“ఆమె నోటితోనే అన్నదా?”

“ఆమె నోటితోనే.”

“నవ్విందా?”

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. “నవ్వింది. నువ్వు కొంగ లెక్క నిలబడ్డవని.”

అమ్మ బియ్యంలోంచి ఒక రాయి తీసి గుమ్మం అవతల పారేసింది. “ఆదివారం నేను గూడ వస్త,” అంది.

ఆదివారం వ్రతం అయ్యాక హాలు నిండా జనం. మోండా వ్యాపారులు, చుట్టాలు, ఇరుగుపొరుగు. సేటు కొత్తగా కొన్న పెద్ద టీవీని రికార్డరుకు కలపమని ముందురోజే చెప్పాడు. నాందేడ్‌లో ఇట్లాంటిది మొదట తన ఇంట్లోనే వచ్చిందని అందరికీ చూపించాలి. నేను అమ్మను తీసుకుపోయాను. ఎవరని ఎవరూ అడగలేదు. అమ్మ కొంగు తల మీదికి లాక్కుని, తలుపు దగ్గర చెప్పులు విడిచే చోట కూర్చుంది.

నేను తీగ కలుపుతుండగానే కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకునేలోపు రికార్డరు ఆగి మళ్ళీ మొదలైంది. నల్లటి తెర మీద గీత మెల్లగా నిండుతోంది. తాళం వేసిన రికార్డింగ్ ఉందా పోయిందా? నాలుగు బొమ్మలూ వచ్చాయి. జాబితా తెరిచి చూశాను. ఉంది.

సేటు ఒక్కో బొమ్మా చూపిస్తూ మరాఠీలో కొంత, తెలుగులో కొంత వివరించాడు. ఒక వ్యాపారి అడిగాడు: “అయిపోయింది గూడ చూడొచ్చా సేట్‌జీ?”

“ఎందుకు చూడొద్దు? చూపియ్యమ్మా. మొన్నటిది ఏదన్న పెట్టు. ఆవాజ్‌తోని పెట్టు,” అన్నాడు సేటు నాతో.

పెట్టాను.

టీవీలో హాలు కనిపించింది. అదే సోఫా, అదే అక్కాచెల్లెళ్ళు. మొదట అందరూ నవ్వారు, సేటమ్మ టీవీలోకి వచ్చిందని. సేటమ్మ కూడా నవ్వుతూ కొంగు సర్దుకుంది. ఆమె మెడలో అదే హారం ఉంది. టీవీలో చెల్లెలు హారం పైకెత్తింది. “పోయింది అంటివి గదనే?” అన్న మాట హాలంతా వినిపించింది. నవ్వు ఉండగానే సేటమ్మ ముఖం పాలిపోయింది.

“బంద్ చెయ్!” అని లేచింది. “ఏయ్ పిల్లా, బంద్ చెయ్!”

నేను రిమోట్ వీపు వెనక పట్టుకుని నిలబడ్డాను. సేటు టీవీ మీట కోసం తడుముకున్నాడు. కొత్త టీవీ, ఎక్కడుందో దొరకలేదు. కొంగ మాటా, ఆ తర్వాతి నవ్వూ అందరూ విన్నారు. వెంటనే అందరి కళ్ళూ ఆమె మెడ మీదికి పోయాయి.

అప్పుడు అమ్మ లేచి చెప్పుల దగ్గర నుంచి నడిచి వచ్చింది. తల మీద కొంగు తీసేసింది.

“నేనే సేటమ్మా ఆ కొంగను,” అంది. “గుర్తు వట్టిన్రా? కొప్పు ఇప్పి చూపియ్యాల్నా మల్ల?”

ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలావిడ, పక్కింటావిడ, నెమ్మదిగా అంది: “గా దినం నేను గేటు కాడ నిలబడి చూసిన. నీళ్ళన్న ఇయ్యకపోతి.” ఆమె ప్రసాదం గిన్నె కింద పెట్టి లేచి వెళ్ళిపోయింది. ఆమె వెనక ఇంకొందరు.

సేటు నా మీదికి వచ్చాడు. “మా ఇంట్ల మాటలు దొంగతనంగ వింటవా? నీ నౌకరీ పోతది.”

“మైకు మీరే పెట్టుమన్నరు సేట్‌జీ. ఆవాజ్‌తోని పెట్టుమన్నది గూడ మీరే.”

“ఇప్పుడు ఏం కావాలె మీకు?” అన్నాడు అమ్మ వైపు తిరిగి.

అమ్మ ముందే ఆలోచించుకుని వచ్చిందని అప్పుడు నాకు తెలిసింది. “మా గల్లీకి రావాలె. ఏ ఇంటి ముంగట దొంగ అన్నదో గా ఇంటి ముంగట నిలబడి కాదని చెప్పాలె. ఆమె నోటితోనే చెప్పాలె. అన్ని ఇండ్లు.”

వాళ్ళు వెంటనే రాలేదు. నా ఉద్యోగం మాత్రం మర్నాడే పోయింది. వారం చూసి నేను సేటుకు ఫోన్ చేశాను. పెన్‌డ్రైవ్ నా దగ్గరుందనీ, ఊళ్ళో కేబుల్ టీవీ వాళ్ళు తెలిసినవాళ్ళేననీ చెప్పాను. అది బెదిరింపే. దానికి ఇంకో పేరు పెట్టను. ఆ మాట చెబుతున్నప్పుడు నా గొంతు ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

రెండు రోజులకు మధ్యాహ్నం పన్నెండు గంటలప్పుడు వాళ్ళ జీపు గల్లీ మొదట్లో ఆగింది. ఆ వేళకే రావాలని అమ్మే చెప్పింది. సేటు జీపులోనే కూర్చున్నాడు. సేటమ్మ ఒక్కతే దిగింది. అమ్మ ఆమెకు ముందు నడిచి ఒక్కో తలుపూ తట్టింది.

“ఆమె హారం తియ్యలే. మా ఇంట్లనే దొరికింది,” అంది సేటమ్మ మొదటి గుమ్మం ముందు, నేల చూస్తూ.

“గట్టిగ చెప్పున్రి. గీ ముసలామెకు చెవులు ఇనరావు,” అంది అమ్మ.

మళ్ళీ చెప్పింది. రెండో ఇల్లు, మూడో ఇల్లు. ఒకామె అప్పట్లో ఆ నిందను అందరికంటే ఎక్కువగా మోసుకు తిరిగింది. ఆమె చప్పుడు విని లోపల గడియ పెట్టుకుంది. అమ్మ తలుపు కొడుతూనే నిలబడింది, ఆమె తీసేదాకా. సేటమ్మ చెమటతో తడిసిపోయింది. ఇళ్ళన్నీ అయ్యాక మా గుమ్మం దగ్గరికి వచ్చి గోడ పట్టుకుని, “మంచినీళ్ళు ఇయ్యవా,” అంది. కుండ గుమ్మంలోనే కనిపిస్తోంది, మీద గ్లాసు బోర్లించి ఉంది.

“లేవు,” అంది అమ్మ.

నాకు జాలి కలుగుతుందేమోనని నన్ను నేనే చూసుకున్నాను. కలగలేదు. ఆమె జీపు దాకా నడిచిపోతుంటే, కాళ్ళు కాలి అడుగులు తొందరగా వేస్తుందేమోనని చూశాను. చెప్పులు వేసుకుని ఉంది. అదొక్కటే నాకు లోటనిపించింది.

తర్వాత నేను సొంతంగా పని మొదలుపెట్టాను. ముఖేడ్ దాకా పోయి కెమెరాలు కలిపాను. ఎవరి ఇంట్లోనైనా మైకు కావాలంటే, ఆ ఇంటి పనివాళ్ళను పిలిచి వాళ్ళ ఎదుటే ఆ సంగతి చెప్పి పెడతాను. దానికి ఒప్పుకోనివాళ్ళ పని చేయను. సేటు మా రికార్డరు తీయించేసి వేరే దుకాణం వాళ్ళతో ఇంకోటి పెట్టించుకున్నాడని చాచా చెప్పాడు. ఈసారి మైకు లేదట.

ఆ మధ్యాహ్నం జీపు పోయాక అమ్మ చాప పరుచుకుని పడుకుంది. పసుపు గోదాముకు పోలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒక పనిరోజు ఆమె పగలు నిద్రపోవడం చూశాను. ఎండ తగ్గాక లేచి, ముఖం కడుక్కుని, చాయ్ తాగుతూ ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు గల్లీ వైపు చూసింది.

“నాలుగో ఇంటి కాడ మెల్లగ చెప్పింది,” అంది. “మల్లొకసారి చెప్పియ్యాల్సి ఉండె.”